మందుతో పాటు లెక్క కూడా

నవజాత శిశువుల వార్డులో ఒకే వారంలో నలుగురు పసికందుల రక్తంలో క్లెబ్సియెల్లా పెరిగిందని మైక్రోబయాలజీ నుంచి ఫోన్ వచ్చింది. ఏ మందులకు లొంగుతుంది, ఏ మందులకు లొంగదు అన్న తీరు నలుగురిలోనూ ఒక్కటే. నేను వెళ్లేసరికి పీజీలు అప్పటికే యాంటీబయాటిక్ మార్చేశారు. "ఇంకా హయ్యర్ మందు వేద్దామా సార్?" అని అడిగారు. ఎదురుగా ఉన్న బిడ్డను చూడటం, జబ్బు కనిపెట్టడం, మందు రాయడం మనం నేర్పిన పద్ధతి. ఆ క్రిమి ఈ నలుగురి దగ్గరికీ ఏ దారిన వచ్చిందో వెతకడం మాత్రం వాళ్లకు ఎవరూ నేర్పలేదు.

మందులు కొనసాగిస్తూనే, ఒక తెల్లకాగితం మీద గళ్లు గీయించాను. పుట్టిన తేదీ, జబ్బు మొదలైన రోజు, ఏ వార్మర్, తల్లిపాలా పోతపాలా, ఏ ఇంజెక్షన్లు, ఏ డ్యూటీలో ఇచ్చారు అని ఒక్కో బిడ్డకు ఒక్కో వరుస. దీన్నే లైన్ లిస్ట్ అంటాం. జబ్బు పడని పిల్లల వివరాలూ రాయించాను. వాళ్లతో పోల్చకపోతే తేడా తెలియదు. సాయంత్రానికి విషయం తేలింది. వార్మర్లు వేరు, పాలు వేరు. సిరలోకి ఇచ్చే ఇంజెక్షన్లు మాత్రం నలుగురికీ ఉన్నాయి. బాగున్న పిల్లల్లో చాలామందికి లేవు.

అందరం మందులు కలిపే బల్ల దగ్గరికి వెళ్లాం. అక్కడ అర లీటరు సెలైన్ సీసా ఉంది. దాని రబ్బరు మూతకు ఒక సూది గుచ్చి వదిలేశారు. పొడిమందు కలపాల్సి వచ్చినప్పుడల్లా ఆ సూదికే సిరంజి తగిలించి సెలైన్ లాగుతున్నారు. సీసా ఎప్పుడు తెరిచారో ఎక్కడా రాసి లేదు. ఆ సెలైన్‌ను కల్చర్‌కి పంపితే అదే క్లెబ్సియెల్లా వచ్చింది. సిస్టర్లను తప్పుపట్టలేం. రాత్రి డ్యూటీలో వార్డంతటికీ ఒక్కరే, చిన్న ఆంప్యూల్స్ స్టాకులో లేవు. అవి తెప్పించి, ఒక బిడ్డకు వాడింది మరో బిడ్డకు వాడకుండా చూశాక కొత్త కేసులు ఆగాయి.

1847లో వియన్నా జనరల్ ఆసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ నడిచిందీ ఈ దారినే. వైద్య విద్యార్థులు పురుళ్లు పోసే వార్డులో, మంత్రసానుల వార్డులో కంటే ఎక్కువమంది బాలింతలు చనిపోతుండటం ఆయన్ని కలచివేసింది. శవపరీక్ష గది నుంచి వచ్చే వైద్యుల చేతులను క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్లతో కడిగించాడు. ఏప్రిల్‌లో నూటికి 18 ఉన్న మరణాలు జూన్‌కల్లా రెండుకు దిగాయి. చేతులు కడుక్కోవాలన్న పాఠం మనకు గుర్తుంది. రెండు వార్డుల లెక్కలు పక్కపక్కన పెట్టి చూడటం నుంచే ఆ పాఠం మొదలైందన్నది మరిచిపోయాం.

లెక్క అంటే కేసుల సంఖ్య ఒక్కటే కాదు. "మూత్రపు గొట్టం ఇన్ఫెక్షన్లు రెట్టింపయ్యాయి సార్" అని ఐసీయూలో ఒక పీజీ అమ్మాయి కంగారుగా చెప్పింది. పోయిన నెల మూడు, ఈ నెల ఆరు. ఎన్ని కాథెటర్ రోజులకు అని అడిగాను. గొట్టం ఉన్నవాళ్లను రోజూ ఒకే వేళకు లెక్కపెట్టి, నెలంతా కూడితే వచ్చేవి కాథెటర్ రోజులు. పోయిన నెల 300, కొత్త పడకలు వేశాక ఈ నెల 600. వెయ్యి రోజులకు పది చొప్పున రేటు మారనే లేదు. మారింది గొట్టాల వాడకం. మర్నాడు రౌండ్స్‌లో ఆమె ప్రతి మంచం దగ్గరా "ఈయనకు గొట్టం ఇంకా అవసరమా?" అని అడిగింది. మధ్యాహ్నానికి కొన్నింటిని తీసేశారు.

చేతులు ఎప్పుడెప్పుడు శుభ్రం చేసుకోవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఐదు సందర్భాలనూ, హ్యాండ్ రబ్‌తో 20 నుంచి 30 సెకన్లు, సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు అన్న నియమాన్నీ మన విద్యార్థులు గడగడా అప్పజెబుతారు. అది చాలదు. ప్రతి పీజీనీ కనీసం రెండు వారాలు ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు వెంట పంపాలి. గొట్టాలు లెక్కపెట్టించాలి. ఒక్క లైన్ లిస్ట్ అయినా సొంతంగా తయారు చేయించాలి. గుండె చప్పుడు వినడం రానివాళ్లకు పట్టా ఇవ్వం కదా, వార్డును పరీక్షించడం రానివాళ్లకూ ఇవ్వకూడదు. వచ్చేటప్పుడు లేని జబ్బు మన ఆసుపత్రిలో అంటుకుంటే, దానికి మందు రాసినంత మాత్రాన మన బాధ్యత తీరదు.