అత్తగారి కుర్చీ

ఫీనిక్స్ పక్కనే ఉన్న చాండ్లర్‌లో మా ఇంటి ముందు గడ్డి ఉండదు. కంకర పరిచి ఉంటుంది, అందులో మూడు ముళ్ల గుమ్మడికాయలు. గుమ్మడికాయలన్నది మా అమ్మ పెట్టిన పేరు. ఇక్కడివాళ్లు గోల్డెన్ బ్యారెల్ కాక్టస్ అంటారు. అత్తగారి కుర్చీ అన్న కొంటె పేరు కూడా ఉంది. ఆ పేరు మా ఆవిడ ఫోన్లో అమ్మతో నోరు జారి అనేసింది. "అయితే అనకాపల్లిలోనూ ఒకటుండాలమ్మా, నేనూ అత్తనే కదా" అంది అమ్మ.

అమెరికా నుంచి మొక్క తేవాలంటే బోలెడు అనుమతులు. అందుకని ఆ ఏడు ఊరికి వెళ్లినప్పుడు కడియం నర్సరీలో కమలాపండంత మొక్క కొన్నాను. "నీళ్లు తక్కువ పొయ్యి" అని చెప్పి విమానం ఎక్కేశాను. 1913 నుంచి చెరకు మీద పరిశోధన జరుగుతున్న ఊరు మాది. శారద నది పక్కన చెరకు తడి చూస్తూ పెరిగినవాళ్లకి తక్కువ నీళ్లంటే రెండు చెంబులకి బదులు ఒక చెంబు. తులసికోటకి పోయగా మిగిలిందీ, బియ్యం కడిగిందీ దానికే వెళ్లాయి. భాద్రపదం దాకా పైకి బంగారంలా మెరుస్తూనే ఉందట. ఒకరోజు చీపురు తగిలి పక్కకి ఒరిగిపోయింది. చూస్తే అడుగంతా గుజ్జు. ఈ జాతి చావు వేరు దగ్గర మొదలవుతుంది, మనకి తెలిసేసరికి అంతా అయిపోతుంది.

తప్పు నాదే. నర్సరీ మట్టితోనే వదిలేశాను. ఫీనిక్స్‌లో ఏడాదంతా కలిపి సుమారు 20 సెంటీమీటర్ల వాన పడుతుంది. మా ఊళ్లో ఒక్క వాయుగుండం ఆ పని రెండు రోజుల్లో కానిచ్చేస్తుంది. చిత్రమేమిటంటే, మెక్సికోలో దీని సొంత గడ్డనీ నీళ్లే ముంచాయి. 1990లలో జిమపాన్ దగ్గర ఆనకట్ట కట్టినప్పుడు ఇవి పెరిగే లోయలో చాలా భాగం జలాశయం కిందికి పోయింది. అడవిలో అరుదైపోయిన మొక్క ఫీనిక్స్‌లో ప్రతి బ్యాంకు ముందూ వరసగా కూర్చుని ఉంటుంది. దీని దగ్గరి చుట్టాల కండని మెక్సికోలో పాకంలో ఉడికించి మిఠాయి చేసేవారు. మొక్కలు తరిగిపోవడంతో నిషేధించారు. బెల్లం ఊరి మనిషి కదా, అమ్మకి ఈ కబురు బాగా నచ్చింది.

రెండో మొక్కకి నేనే కూర్చుని కుండీ కట్టాను. సగం ముతక ఇసుక, మిగతా సగంలో ఇటుక ముక్కలు, ఎర్రమట్టి. అడుగున చిల్లున్న మట్టికుండీ. మొక్కని గోనెపట్టాలో చుట్టి ఎత్తాలి, లేకపోతే చేతులు మిగలవు. నీడలో పెరిగినదాన్ని ఒక్కసారిగా ఎండలో పెడితే ఒళ్లు కాలి మచ్చ పడుతుంది, ఆ మచ్చ ఇక పోదు. ఆషాఢం నుంచి కార్తీకం దాకా సన్‌షేడ్ కింద ఉండాలి. పొడుగాటి ఉపన్యాసమే ఇచ్చాను.

అమ్మ అంతా విని గుమ్మం వైపు చూపించింది. దిష్టికని తలకిందులుగా కట్టిన కలబంద, వేళ్లు గాలిలో, ఆకులు పచ్చగా. "ఆర్నెల్లయింది. దానికేటైనా నీళ్లు పోస్తన్నానా? ఇదీ అలాంటిదేనని ముందే సెప్తే సరిపోను గదరా."

పక్కింటి పిన్నిగారు ముళ్ల మొక్క ఇంట్లో అరిష్టం అన్నారట. నిమ్మచెట్టుకి ముళ్లు లేవా అందట అమ్మ.

మొన్న సంక్రాంతికి వెళ్లాను. మేడ మీద మొక్క కొబ్బరికాయంత అయింది. చెయ్యి ఊరుకోక చెంబు వంచబోయాను. "ఆగరా!" అని కింద నుంచి కేక. అమ్మ మెట్లెక్కి వచ్చి, కుండీలో గుచ్చి ఉంచిన చీపురుపుల్ల పైకి లాగి, వేళ్ల మధ్య రాసి చూసింది. "ఇంకా తడుంది. ఆ నీళ్లు కనకాంబరాలకి పొయ్యి."