రాని విద్యార్థి

హాజరుపట్టీలో ప్రతి పేరునకు ఎదుట దినమున కొక గడి యుండును. రాని దినమున ఆ గడిలో సున్న చుట్టుదుము. పీలమేడులో ఉపాధ్యాయుడనైన తొలి యేండ్లలో, ఆ సున్న చుట్టుటతోనే నా బాధ్యత తీరినదని తలచుచుంటిని.

ఏడవ తరగతిలో ఒక బాలుడుండెను. చురుకైనవాడు. ఇంట తెలుగు, వీధిలో తమిళము. రెండును వాని నాలుకపై సమముగా నాడుచుండెడివి. తెలుగు చదువుట మాత్రము కూడబలుకుకొనియే. మొదట వారమున కొకనాడు మానెను. పిమ్మట రెండు నాళ్లు. ఆ పిమ్మట పదునెనిమిది దినములు వరుసగా సున్నలే. తరగతిలో అందరి యెదుట వానిని "సోమరి" యంటిని. ఆ మాట వాని చెవిని బడినదని తరువాత తెలిసినది.

ఒక సాయంకాలము వాని యింటికి బోతిని. తల్లి తెల్లవారగనే నూలు మిల్లునకు బోవును. ఏడాది నిండని చెల్లెలిని చూచుకొనుట వీని పని. "ఏం చేసేది సారూ? పాపను ఎవరి దగ్గర వదిలేది?" అని ఆమె యడిగినది. నేను మారు పలుకలేకపోతిని. అయితే వారము క్రిందటనే అమ్మమ్మ ఊరినుండి వచ్చియుండెను. "మరి ఈ వారమెందుకు రాలేదురా?" అంటిని. బాలుడు తల వంచుకొని, "పాఠం చాలా దూరం పోయింది సార్. అందరి ముందరా చదవమంటారు" అనెను.

అప్పుడు గ్రహించితిని: మొదటి సున్నలకు కారణము వాని యింటి పేదరికము, కడపటి సున్నలకు కారణము నేను.

ఈ చిక్కును తెలుగునాట ముందే గుర్తించినవారు కలరు. మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషను వారు 1991 నుండి రంగారెడ్డి జిల్లాలో, పనులలో మగ్గుచున్న పిల్లలను వారధి శిబిరములలో చేర్చి, కొన్ని నెలలు చదువు నేర్పి, వయస్సునకు తగిన తరగతికి పంపిరి. ఆ కృషికి నాయకురాలైన శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసే పురస్కారము లభించెను. 2009 నాటి విద్యాహక్కు చట్టమును, అట్లు తరగతిలో చేరిన బాలునకు ప్రత్యేక శిక్షణ పొందు హక్కు నిచ్చినది.

మాకు శిబిరము లేదు. బడి విడిచిన పిమ్మట అరగంట కలదు. "సోమరి" యన్న మాటను తరగతిలోనే వెనుకకు దీసికొంటిని. నెల దినములు వానిని లేచి చదువుమనలేదు. వాడు రాని దినమున ఆనాటి పాఠమును పొరుగింటి సహాధ్యాయి కొనిపోయెడివాడు. సున్నలు పూర్తిగా పోలేదు, తగ్గినవి. సంవత్సరాంతమున వాడు తనంతట లేచి ఒక పుట చదివెను. రెండు చోట్ల తడబడెను, ఎవరును నవ్వలేదు.

1926లో మన పీలమేడున గోవిందస్వామి నాయుడుగారి నలుగురు కుమారులు ఆస్తిని అయిదు భాగములు చేసి, అయిదవ దానిని ధర్మమునకు, విద్యకు విడిచిరి. అంతటి ధనము మనకు లేకున్నను అరగంట యీయగలము.

తలిదండ్రులారా! బిడ్డ మానిన మొదటి దినముననే కారణము మాకు తెలుపుడు, మేము కోపింపము. విద్యార్థులారా! మీ ప్రక్కచోటు ఖాళీగా నున్నచో, సాయంకాలము ఆ యింటికి ఒకమారు పోయి రండు.