ఎనిమిది మీటర్ల లోతున

మాది బరంపురము. గోపాలపూరు సముద్రము మాకు పొరుగు. అయినను పదియవ యేట ఆ కెరటములలో మునిగి, ఒక జాలరి జుట్టు పట్టి ఈడ్వగా బ్రతికిన దినము మొదలు మేము మోకాలిలోతు దాటి ఎరుగము. అట్టి మేము అరువదేండ్లకు చేరువై యుండగా, వీపున గాలిసీసా కట్టుకొని అండమాను సముద్రపు అడుగునకు పోయితిమనిన మా చుట్టములు నేటికిని నమ్మరు.

తప్పు మా మనుమరాలిది. పదునాలుగేండ్ల పిల్ల. "తాత తోడుగా దిగితే సరే" అని దాని తల్లి యొప్పుకొనెను. మేము దిగమను ధీమాతో అన్న మాట యది!

చెన్నపట్నము మీదుగా విమానమున పోయి, అటుపై పడవలో హేవ్‌లాక్ దీవి చేరితిమి. 2018లో దానికి స్వరాజ్ ద్వీపమని పేరు మార్చిరి. మమ్ము నడిసముద్రమునకు తీసికొనిపోయిన పడవవాడు మా పలుకు విని, "ఏ ఊరు బాబూ మీది?" అనెను. వాని తాత సోంపేట ప్రాంతము విడిచి వచ్చి అక్కడ స్థిరపడెనట. ఇంట తెలుగు, బడిలో హిందీ, బజారులో బంగాళీ. మన యిండ్ల కథయే గదా. భాషల పేర్లు మాత్రము వేరు.

సీసాలో నుండునది ప్రాణవాయువని మేమనుకొంటిమి. కాదు, మనము పీల్చు గాలియే, సుమారు 200 రెట్ల ఒత్తిడితో కుక్కినది. నేర్పు యువకుడు ఒక్క మాటను పదిసార్లు చెప్పెను: ఊపిరి బిగబట్టరాదు. బిగబట్టి పైకి లేచినచో లోపలి గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులు చినుగును. రెండు మీటర్లు దిగునప్పటికే చెవులలో శూలము పొడిచినట్లాయెను. ముక్కు మూసికొని మెల్లగా గాలి ఊదగా, టప్పుమని చెవి తెరచుకొనెను.

ఎనిమిది మీటర్ల లోతున మా మణికట్టున కట్టిన ఎఱ్ఱదారము నల్లబడి కనబడెను. వెలుగులోని ఎరుపును నీరు మొదటనే మ్రింగివేయునట. ముందుగా చిలుకచేప కనబడెను. అది ముక్కువంటి పండ్లతో పగడపురాతిని కొరుకు చప్పుడు నీటిలో పటపట వినవచ్చెను. ఆ రాయి దాని గొంతులో నలిగి తెల్లని యిసుకయై వెలువడును. ముందునాటి సాయంకాలము మేము మెచ్చుకొనుచు నడచిన యిసుకలో ఎంత భాగము అట్టిదో!

తరువాత తాబేలు. ఋషికుల్య మొగలో గుడ్లు పెట్టవచ్చు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళను మనము చూచినవారమే. యిసుకలో అవి ఆయాసపడుచు దేహమును ఈడ్చుకొనును. ఇది పచ్చతాబేలు, నీటిలో గ్రద్దవలె రెక్కలు చాచి తేలిపోయెను. జీవితమంతయు ఆ జాతిని దాని కష్టములోనే చూచితిమి గాని సుఖములో నెన్నడును చూడలేదని తోచెను.

దానివైపు తల త్రిప్పునప్పుడు కంటికద్దములోనికి నీరు చొచ్చెను. అంతే, గోపాలపూరు కెరటము మరల మీదపడినట్లాయెను. చేతికందిన పగడపుకొమ్మను పట్టుకొంటిమి. అది పుటుక్కున విరిగెను. యువకుడు భుజము పట్టి నిలిపి, కద్దమునుండి నీరు పోగొట్టించెను. చుట్టును 2010లోను, 2016లోను నీరు వేడెక్కి తెల్లబడిన పగడముల శిథిలములు చాల గలవు. తమలో నివసించి తమకు అన్నము పెట్టు నాచును పగడములు వేడికి వెడలగొట్టి, పిదప ఆకలికి చచ్చునట. మేము విరిచినది మాత్రము బ్రతికియున్న కొమ్మ. మనుమరాలు చూచినది.

పడవ యెక్కిన తరువాత చాలసేపు అది మాటాడలేదు. పడవవాడు తెచ్చిన తేనీరు చల్లారిపోయెను. తుదకు, "తాతా, నీకు భయం వేసిందా?" అని అడిగెను. ఇంట మాతో సగము ఒడియా, సగము ఇంగ్లీషు మాటాడు పిల్ల. అంతసేపు పడవవానితో మాటలాడుటచే కాబోలు, తెలుగులోనే అడిగెను. గోపాలపూరు సంగతి అప్పుడు చెప్పితిమి. అంతవరకు ఇంటిలో నెవరికిని చెప్పియుండలేదు.

మరునాడు మరల దిగుదమన్నది. విమానమెక్కుటకు ముందు ఒక దినమైనను దిగరాదనిరి గాన వీలుపడలేదు. సాయంకాలము ఒడ్డుననే, దాని చేయి పట్టుకొని రొమ్ములోతు వరకు పోయితిమి.