గల్ఫ్ ప్రయాణానికి ముందు

గొలుగొండ మండలంలో జీడిపిక్కల సొమ్ము ఏటా వేసవిలో ఒక్కసారే చేతికొస్తుంది. ఇంట్లో ఎవరైనా గల్ఫ్ పనికి వెళ్లాలనుకుంటే, పాత అప్పులకు పోకముందే అందులో కొంత పక్కన పెట్టాలి. తపాలా రికరింగ్ డిపాజిట్ నెలకు 100 రూపాయలతోనే మొదలవుతుంది కానీ గడువు 5 ఏళ్లు. ఏడాదిలో ప్రయాణమైతే ఏడాది టైమ్ డిపాజిట్ నయం.

36 పేజీల పాస్‌పోర్ట్‌కు మామూలు రుసుము 1,500 రూపాయలు. పదో తరగతి పాసు కాని కూలీలకు సాధారణంగా వచ్చేది ఈసీఆర్ పాస్‌పోర్ట్. దాంతో సౌదీ, కువైట్, ఖతార్ సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే 1983 వలస చట్టం కింద అనుమతి ఉండాలి. ప్రవాసీ భారతీయ బీమా కూడా తప్పనిసరి: రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 10 లక్షలు. ఇది చవకైన ధీమానే.

కూడబెట్టింది కరిగిపోయేది ఎక్కువగా ఏజెంటు దగ్గరే. నమోదైన ఏజెంటు తీసుకోదగ్గ రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడిగినా, రసీదు ఇవ్వకపోయినా, విజిట్ వీసా మీద పనికి పంపుతానన్నా నమ్మకూడదు. పైసా కట్టేముందు ఏజెంటు నమోదు సంఖ్యను ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో తప్పక సరిచూసుకోవాలి.