పోకరుబల్లకున్న కంత

లాస్‌వేగాస్‌లో ఒక కేసినో పేకగది. ఒకటి-రెండు డాలర్ల పోకరు, బల్లచుట్టూ తొమ్మిదిమందిమి. ఈ ఆటలో కేసినో పందెం కాయదు, మా సొమ్మే మాలో చేతులు మారుతుంది. అయితే ప్రతి పందెపు మొత్తంలోనూ నూటికి పది, ఐదు డాలర్లకు మించకుండా, బల్లకున్న కంతలో పడుతుంది. గంటకు ముప్పై ఆటలు. ఆటకు మూడు డాలర్లనుకున్నా తొంభై! ఒకరి ముఖం ఒకరం అనుమానంగా చూసుకుంటున్నామే గాని, ఆ కంతకేసి చూసినవాడు లేడు.

నేర్పుగలవాడు గెలుస్తాడంటారు. నిజమే, పక్కవాడిమీద. మన దేశంలోనూ ఈ నేర్పు వాదం కోర్టుకెక్కింది. 1967లో ఆంధ్రప్రదేశ్ కేసులో రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అన్న సుప్రీంకోర్టే, పందెపు ఆటమీద క్లబ్బు యజమాని లాభం తీస్తే నేరం కావచ్చునని కూడా అన్నది. నెవాడాలో ఆ లాభమే లైసెన్సున్న వ్యాపారం. ముక్కలు పంచే ఆమె మాత్రం, గెలిచినవాడు విసిరే ఒక్క డాలరు కోసం ఆట ఆటకూ నవ్వుతోంది.