ఉయ్యాలబల్ల మోసే బరువు

పిల్లలూ, సెలవుల్లో కోనసీమకు వెళితే పాతకాలపు మండువా లోగిలి ఒకటి తప్పక చూడండి. నడుమ ఆకాశం కనిపించే మండువా, చుట్టూ పెంకుల వసారా, నున్నని కర్రస్తంభాలు. కొన్ని ఇళ్ళలో దూలానికి గొలుసులతో వేలాడే ఉయ్యాలబల్ల కూడా ఉంటుంది.

బల్లను చూడగానే ఎక్కాలనిపిస్తుంది. ఆగండి! ముందు తల ఎత్తి దూలాన్ని చూడండి. బరువంతా మోసేది అదే. కోసిన దూలాన్ని వడ్రంగి పడుకోబెట్టడు, అంచుమీద నిలబెడతాడు. 6 అంగుళాల వెడల్పు, 2 అంగుళాల మందం గల కర్రను అలా నిలబెడితే 3 రెట్లు బరువు ఆపుతుంది. మీ స్కేలును రెండు పుస్తకాల దొంతరలపై పరచి నొక్కండి, వంగుతుంది. అంచుమీద నిలబెట్టి నొక్కండి, వంగదు.

ఇక లెక్క చూద్దాం. 25 కిలోల పిల్లలు ముగ్గురు కదలకుండా కూర్చుంటే 75 కిలోలు. ఊగితే, బల్ల కిందికి వచ్చే క్షణాన గొలుసుల మీద లాగుడు పెరుగుతుంది. గొలుసు నిలువుగా ఉన్న చోటునుంచి 30 డిగ్రీలు పోతే సుమారు 95 కిలోలు. 60 డిగ్రీలు పోతే సరిగ్గా రెట్టింపు, 150 కిలోలు! బల్ల బరువు దీనికి అదనం. కూర్చుంటే ఆగింది గదా అని జోరుగా ఊగితే ఆగుతుందనుకోరాదు. మీ ఇంట్లో మంచం మీద గెంతినా ఇంతే.

చెదపట్టిన కర్ర పైకి బాగానే కనిపిస్తుంది, తట్టితే డొల్లగా మోగుతుంది. అందుచేత దూలాన్నీ, కొక్కేలనూ చూడమని ఇంటి పెద్దలను అడగండి. వారు సరేనన్నాక, మెల్లగా ఊగండి.