చోటు లేదను మాట

మన యిండ్లలో తరచుగా వినవచ్చు మాటలలో "చోటు లేదు" అనునది యొకటి. పెండ్లికి పోవు బండిలో చోటు లేదు. బీరువాలో చోటు లేదు. చదువుకొనుటకు గదిలో చోటు లేదు. ఈ మాటలో నొక గొప్ప సౌకర్య మున్నది. ఇది నేరమును వస్తువుమీదికి నెట్టును గాని మనుష్యునిమీద మోపదు. "నిన్ను తీసికొనిపోను" అన్నచో పిల్లకు కోపము వచ్చును. "చోటు లేదమ్మా" అన్నచో తల వంచుకొని లోనికి పోవును. కారులో సైకిలు నెట్లు పట్టింపవలెనను చిన్న పనియందు కొంతకాలముగా నిమగ్నుడనై యుండి, నే నీ మాటనుగూర్చి యాలోచించితిని. ఇది యెంత యల్పవిషయమని చదువరులు నవ్వకుందురు గాక. గృహములో పెద్ద న్యాయములు చిన్న వస్తువుల నడుమనే తేలుచుండును.

మాది కోహెడ, రంగారెడ్డి జిల్లాలో ఇబ్రహీంపట్నము వైపున నున్నది. హైదరాబాదును చుట్టి వచ్చు 158 కిలోమీటర్ల అవుటర్ రింగు రోడ్డు మాకు దగ్గర. గంటకు నూరు కిలోమీటర్ల వేగమున కార్లు పోవు నా రోడ్డుపై రెండు చక్రముల బండ్లకును, మూడు చక్రముల బండ్లకును ప్రవేశము లేదు. ప్రాణరక్షణ దృష్ట్యా అది సరియైన నిబంధనయే. అయితే నగరమునకు పడమటి దిక్కున, అదే రోడ్డు ప్రక్కన, 2023 అక్టోబరు 1వ తేదీన సైకిళ్లకొరకు ప్రత్యేకముగా 23 కిలోమీటర్ల దారి తెరచిరి. నానక్‌రామ్‌గూడ నుండి పోలీసు అకాడమీ వఱకు ఎనిమిదిన్నర, నార్సింగి నుండి కొల్లూరు వఱకు పదునాలుగున్నర కిలోమీటర్లు. పైని సూర్యరశ్మితో విద్యుత్తును పుట్టించు పలకల కప్పు. ఆ దారికి మా యూరి పిల్లలు పోవలెనన్న, సైకిలును కారులో పెట్టుకొని బొంగ్లూరు, తుక్కుగూడ, శంషాబాదు మీదుగా చుట్టి పోవలెను. పాలబుడ్డీలను, గడ్డిమోపులను, కల్లుకుండలను ఒకప్పుడు మోసిన సైకిలును ఇప్పుడు కారు మోయవలసివచ్చినది!

నేను విశ్రాంతి పొందిన యుపాధ్యాయుడను. ఇంట కొలతటేపు, పానాలు, సుతిలి తాడు ఉండుటచేత, ఆదివారము వేకువన మా వీథివారు సైకిలు కారులో పట్టలేదని నన్ను పిలుచుట వాడుక యైనది. ఆ యనుభవముచే తెలిసిన సంగతులు కొన్ని వ్రాయుచున్నాను.

మొదటిది: డిక్కీ లోతును కాదు, తలుపు వాకిలిని కొలువవలెను. లోపల నెంత చోటున్నను, లోనికి పోవు దారి యిఱుకైనచో ప్రయోజనము లేదు. పెద్దవారి సైకిలు సుమారు 175 సెంటీమీటర్ల పొడవుండును. ముందు చక్రము విప్పినచో ఆ చక్రపు కొలతలో సగము, అనగా ముప్పదిమూడు సెంటీమీటర్ల వఱకు, తగ్గును. రెండవ చక్రమును విప్పినచో మఱి యంతయే తగ్గును. సీటును దించి, హ్యాండిలును ప్రక్కకు త్రిప్పినచో ఎత్తును వెడల్పును తగ్గును. విప్పని సైకిలు పట్టలేదని చెప్పుట, మూటవిప్పని బియ్యము కుండలో పట్టలేదని చెప్పుట వంటిది.

ఇక కార్ల భేదములు. ఎత్తైన కప్పుగల వ్యాగన్ఆర్ వంటి చిన్న కారులో, వెనుకసీటును ముందునకు మడచినచో, ముందు చక్రము విప్పిన సైకిలు ప్రక్కవాటుగా పండుకొనును. డిజైర్ వంటి డిక్కీ వేఱుగానున్న కార్లలో డిక్కీని నమ్ముకొనుట వృథా. అందు సిఎన్‌జి సిలిండరు కూడ ఉన్నచో మఱియు వృథా. రెండు చక్రములను విప్పి, పాతదుప్పటిలో చుట్టి, వెనుక ప్రక్కతలుపునుండి సీటుమీదికి చేర్చి, చక్రములను మాత్రము డిక్కీలో పెట్టవలెను. ఎర్టిగాలో మూడవ వరుస మడతపడి నేల సమమగును. కావున రెండు మూడు సైకిళ్లకు అదియే యనుకూలము. ఇన్నోవాలో మూడవ వరుస సీట్లు ప్రక్కగోడలకు లేచి నిలుచుటచే వెడల్పు కొంత పోవును గాని యెత్తు మిగులును. బొలెరోలో వెనుక నెదురెదురుగానున్న చిన్న సీట్లను పైకెత్తి, ప్రక్కకు తెఱచుకొను తలుపునుండి సైకిలును నిలువుగానే త్రోయవచ్చును. 2019లో తయారీ నిలిచిన ఓమ్ని మిగిలియున్న యింటివారు ధన్యులు. దాని జరుగు తలుపు సైకిలుకే చేసినట్లుండును. మొదటి నానో కార్లకు వెనుక తలుపు తెఱచుకొననే తెఱచుకొనదు. 2015లో వచ్చిన రూపమునకు మాత్రమే యది కలిగినది.

జాగ్రత్తలు కొన్ని గలవు. సైకిలును దుప్పటిపై తలక్రిందుగా నిలిపి, బ్రేకును వదులుచేసి, 15వ నంబరు పానాతో ఇరువైపుల నట్లను సమముగా విప్పవలెను. విప్పిన నట్లను ఒక సంచిలో వేసి ఆ సంచిని సైకిలుకే కట్టవలెను. గేర్లున్న సైకిలును గేర్లవైపు పైకుండునట్లు పరుండబెట్టవలెను. డిస్కు బ్రేకులున్నచో చక్రము తీసిన పిదప పిడిని నొక్కరాదు. ఆ సందులో దళసరి అట్టముక్క నొకదానిని పెట్టవలెను. అన్నిటికంటె ముఖ్యము, కారు హఠాత్తుగా నిలిచినను సైకిలు నిలువదు గనుక తాడుతో గట్టిగా కట్టవలెను. కట్టని సైకిలు ప్రక్కన పిల్లలను కూర్చుండబెట్టరాదు. కారు వెనుక తగిలించు చట్రములను కొనువారు నంబరు పలకయు, ఎఱ్ఱదీపములును కప్పబడకుండ చూచుకొనవలెను. చేరిన పిదప చక్రమును బిగించి, సైకిలును కొంచె మెత్తి, చక్రముపై అఱచేతితో కొట్టి చూడనిదే యెవరును ఎక్కరాదు.

2020 వేసవిలో, కరోనా దినములలో, గడ్డిఅన్నారపు మామిడి మార్కెట్టు మా కోహెడకు తరలివచ్చినది. అప్పుడు హమాలీలు లారీ నింపు తీరును చూచితిని. వారు చోటున్నదా యని యడుగరు. ఏది ముందు, ఏది వెనుక యని మాత్రమే యడుగుదురు. చోటనునది దొరకునది కాదు, క్రమముచే నేర్పడునది. ఈ న్యాయము కారులోని సైకిళ్లకును వర్తించును. ఏది ముందెక్కునో దానికే చోటు. ఆ ముందు వెనుకలను నిర్ణయించునది కొలతటేపు కాదు, ఇంటి యాచారము.

ఒక ఆదివారము మా వీథిలోని యొక గృహస్థుడు తన యెర్టిగాలో కుమారులిద్దఱి సైకిళ్లను పెట్టి తలుపు వేయుచుండెను. పదునాలుగేండ్ల కూతురు తన సైకిలును పట్టుకొని గడపయొద్ద నిలుచుండెను. "దాని సైకిల్‌కు బుట్ట ఉన్నది సారూ, పట్టది" అని యాతడు నాతో ననెను. బుట్ట నిజముగానే యడ్డము. కాని యది రెండు మరలతో నిలిచియున్నది. నేను పానాల సంచి తెఱచితిని. అంతలో ఆ పిల్ల దగ్గఱకు వచ్చి, "తాతా, పానా నాకియ్యవా? నేనే ఇప్పుత" అని యడిగెను. బుట్టను విప్పినది, ముందు చక్రమును విప్పినది. తమ్ముల సైకిళ్లను తల యొకవైపు, తోక యొకవైపు ఉండునట్లు మార్చి పెట్టించినది. మూడు సైకిళ్లును పట్టినవి. తండ్రి కొంతసేపు మాటలాడక నిలిచి, పిదప మెల్లగా, "ఎదిగిన పిల్ల సారూ, నలుగురు చూస్తరు" అనెను. అసలు సంగతి యప్పుడు బయటపడినది. అంతవఱకు బుట్టమీద మోపిన నేరము బుట్టది కాదు.

ఆతడు దుష్టుడు కాడు. కూతురి చదువునకై కష్టపడి సంపాదించువాడే. "చూచువారు చూచుచునే యుందురు. పడక నిలిచి తొక్కగలదా, చక్రము తానే బిగించుకొనగలదా యని మనము చూతము" అని మాత్రము చెప్పితిని. ఆ దినమున పిల్ల వెళ్లినది. తరువాతి ఆదివారము నన్ను పిలువలేదు. పానా కొని, తమ్ముల సైకిళ్లను కూడ తానే విప్పినదని వింటిని.

ఈ భయము కొత్తది కాదు. మనకు మాత్రమే కలిగినదియు కాదు. ఇంగ్లండులో స్టార్లీ యను నాతడు 1885లో రెండు సమానచక్రముల సైకిలును ప్రచారమునకు తెచ్చిన పిదప స్త్రీలు దాని నెక్కసాగిరి. వారి యారోగ్యమును గూర్చియు, మర్యాదను గూర్చియు పెద్దలు మిక్కిలి కలవరపడిరి. 1896లో అమెరికాదేశపు సూసన్ ఆంథొనీ, స్త్రీవిమోచనమునకు సైకిలు చేసినంత మేలు మఱేదియు చేయలేదని యభిప్రాయపడెను. అంత దూరము పోనేల? 1990వ దశకపు తొలినాళ్లలో తమిళదేశపు పుదుక్కోట జిల్లాలో అక్షరాస్యతోద్యమము స్త్రీలకు అక్షరములతోపాటు సైకిలును నేర్పినది. పొలములలో కూలిచేయు స్త్రీలు వేలకొలదిగా నేర్చిరి. పరిహాసములు వినబడినవి, వారు దిగలేదు. మన తెలంగాణములో గంటకింతయని సైకిళ్లను బాడుగకిచ్చు "సైకిల్ టాక్సీ" దుకాణములు ఒకప్పుడు వీథివీథిన నుండెడివి. అచ్చట నిలిచి బేరమాడిన మగపిల్లల జ్ఞాపకములు కొల్లలుగా వినుచుందుము. ఆడపిల్లల జ్ఞాపకములు అరుదు.

ఇంత చెప్పియు, కారులో సైకిలు నెక్కించుటయే పరమార్థమని నేననను. అది కారున్న వారికి, ఆదివారమునకు మాత్రమే. సోమవారమున బడికి రెండు మూడు కిలోమీటర్లు పోవలసిన పిల్లకు పడమటి దిక్కునున్న కప్పుదారి యేమి యుపకరించును? కారు లేని యింటి పిల్లకు కారులో చోటు కల్పింపలేము. కాని రోడ్డు అంచున చోటు కల్పింపవచ్చును. మూడడుగుల చదునైన నేల, రాత్రివేళ దీపము, బడియొద్ద సైకిళ్లు నిలుపుటకొక పందిరి: ఇవి కోరదగని కోరికలు కావు. అడిగినపుడు అధికారులును "చోటు లేదు" అనియే చెప్పుదురు. అప్పుడు కొలతటేపు తీసికొని రోడ్డును కొలిచి చూపవలెను. ఏవి యెచ్చట నాక్రమించి నిలిచియున్నవో, విప్పదగిన బుట్ట లెన్ని గలవో కనబడును.

అంతవఱకు గృహిణులకును, గృహస్థులకును నా మనవి యొక్కటి. మీ యింట పానా యెచ్చట నున్నదో మీ కూతురికి తెలియనిండు. తన చక్రమును తానే విప్పి, తానే బిగించుకొనగల పిల్లతో "చోటు లేదు" అని చెప్పుట యంత సులభము కాదు. ఆమె వెంటనే కొలిచి చూచును.